గడ్డ అనగానే కత్తి కాదు... ముందు స్కానింగ్

బళ్లారిలోనైనా, హోసూరులోనైనా, బరంపురంలోనైనా స్కానింగ్ అంటే గర్భిణులకే అనుకునే మగవాళ్లకు కొదవ లేదు. వృషణంలో గడ్డ చేతికి తగిలినా ఇంట్లో నోరు విప్పరు. కొందరు క్యాన్సరేనని నిద్ర మానుకుంటారు. ఇంకొందరు వరిబీజమేలే అనుకుని నాటుమందు రాసుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. రెండూ తప్పే.

ఈ అనుమానం తీర్చేది అల్ట్రాసౌండ్. సూది లేదు, కోత లేదు, రేడియేషన్ అసలే లేదు. జెల్ రాసి పైన పరికరం కదిలిస్తారు, అంతే. గడ్డ ఎక్కడుందో ముందు తేలుతుంది. వృషణం వెలుపల, దాన్ని అంటిపెట్టుకున్న ఎపిడిడిమిస్‌లో వచ్చే నీటితిత్తులు సాధారణంగా హాని చేయవు. లోపల ఉంటే మరింత జాగ్రత్తగా చూడాలి. ఉత్త నీరున్న తిత్తి తెరమీద నల్లగా, పలచని నున్నటి గోడతో కనిపిస్తుంది. దాని వెనక భాగం తెల్లగా మెరుస్తుంది. డాప్లర్‌లో చూస్తే లోపల రక్తప్రసారం ఉండదు. ఇవన్నీ ఉంటే అది మామూలు తిత్తే. బాధ పెట్టకపోతే ఆపరేషన్ అక్కర్లేదు.

ఎపిడెర్మాయిడ్ తిత్తి సంగతి వేరు. ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా కనపడుతుంది. ఇదీ హానిలేనిదే. ముందే పోల్చుకుంటే చాలాసార్లు గడ్డ మాత్రమే తీసి వృషణాన్ని కాపాడొచ్చు. పోల్చుకోకపోతే వృషణమే పోవచ్చు. అదే లోపల గట్టి గడ్డ, రక్తప్రసారం కనిపిస్తే ఆలస్యం పనికిరాదు. వృషణ క్యాన్సర్ ఎక్కువగా 15 నుంచి 40 ఏళ్ల లోపువారికే వస్తుంది. తొందరగా పట్టుకుంటే నయమయ్యే జబ్బు ఇది.

సరిహద్దు తెలుగువారికి ఇంకో చిక్కుంది. డాక్టరు మాట్లాడేది కన్నడమో, తమిళమో, ఒడియానో. రిపోర్టు ఇంగ్లిష్‌లో. సొంత భాషలోనే చెప్పుకోలేని మాటను పరాయి భాషలో ఎలా చెబుతారు? 'కింద నొప్పి' అని గొణిగి, మాత్రలు తీసుకుని వెనక్కి వచ్చేస్తారు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న జిల్లాల ఆస్పత్రుల్లో రిపోర్టును తెలుగులో విడమరిచి చెప్పే మగ సిబ్బంది ఒక్కరైనా ఉండాలి. అదేమీ పెద్ద ఖర్చు కాదు. తెలుగు సంఘాలు సన్మాన సభలతో పాటు ఇలాంటివీ అడగాలి.

ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే మాత్రం భాష కోసం ఆగొద్దు. వృషణం మెలిపడి ఉండొచ్చు. ఆరు గంటల్లోపు ఆస్పత్రికి చేరితేనే దాన్ని నిలబెట్టుకునే అవకాశం ఎక్కువ. సిగ్గుపడే వేళ కాదది.