పిల్లోని చేతికి సీసా ఇయ్యొద్దు

మన గేరి పిల్లోళ్ళు చెడిపోతున్నారని పెద్దలంతా బాధపడుతున్నారు. తొమ్మిది, పది చదివేవాళ్ళే తాగుతున్నారనీ, గంజాయి పీలుస్తున్నారనీ, వైట్‌నర్‌ వాసన మరిగారనీ అంటున్నారు. సినిమాలను, సెల్‌ఫోన్లను, సావాసాలను తిట్టుకుంటున్నారు. మేం ఒక్క మాట అడుగుతాం. ఆ పిల్లోని చేతికి మొదట సీసా ఇచ్చిందెవరు?

బెల్టుషాపుకు పోయి క్వార్టరు తెమ్మని పంపింది మన ఇంట్లోవాళ్ళే. మిగిలిన చిల్లర ఉంచుకోమన్నదీ వాళ్ళే. చావుకాడ తప్పెట కొట్టడానికి నాయన వెంట పోయిన పిల్లోనికి "ఒక గుటక ఏసుకో, చెయ్యి బాగా ఆడుతుంది" అని పోసిందీ పెద్దోళ్ళే. ఎన్నికల్లో జెండా మోసినందుకు బిర్యానీ పొట్లంతో పాటు సీసా పెట్టిందీ పెద్దోళ్ళే. మన పిల్లోడు తాగుడును దొంగచాటుగా నేర్చుకోలేదు. పెద్దోళ్ళు చెప్పిన పనిగా నేర్చుకున్నాడు.

"మీ కులానికే తాగుడు అలవాటు" అంటుంది ఊరు. ఈ నింద ఎక్కడ పుట్టింది? చచ్చిన గొడ్డును ఈడ్చినందుకు, గుంత తవ్వినందుకు, తప్పెట కొట్టినందుకు రూపాయలు లెక్కపెట్టి ఇయ్యడానికి ఊరికి చెయ్యి రాలేదు. సారాయి పొయ్యడానికి మాత్రం వచ్చింది. తాగినోడు కూలి లెక్క అడగడు కదా! 1927 మార్చిలో మహద్‌ సభలో అంబేడ్కర్‌ మనవాళ్ళకు చెప్పిందేమిటి? చచ్చిన గొడ్డు మాంసం మానమన్నాడు, పారేసిన ఎంగిలి మెతుకులకు చెయ్యి చాపొద్దన్నాడు. కూలి బదులు వచ్చే సీసా కూడా ఎంగిలి మెతుకే.

ఇంటింటికీ ఎవరి పిల్లోన్ని వాళ్ళు చూసుకుంటే చాలదా అంటారు కొందరు. మన అనంతపురం సీమలో అది జరిగే పనేనా? వాన లేక శెనక్కాయ పంట ఎండితే అమ్మానాయనలు బెంగళూరుకు కూలికి పోతారు. పిల్లోడు అవ్వ దగ్గర ఉంటాడు. కళ్ళు సరిగా కనపడని అవ్వ పదహారేళ్ళోన్ని ఎట్లా కాపలా కాస్తుంది? అందుకే ఇది గేరి అంతా కలిసి చేయాల్సిన పని.

అట్లా చేసినోళ్ళు ఉన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు కలిసి సారా అంగడి మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న పాఠం వాళ్ళను కదిలించింది. ఎవరి మొగుణ్ణి వాళ్ళు బతిమాలుకుంటూ ఇంట్లో కూర్చోలేదు, కలిసి అంగడి మీదికి పోయారు. సారా వేలంపాటలు సాగనియ్యలేదు. రాష్ట్రమంతా కదిలింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా పోయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో సర్కారే దాన్ని ఎత్తేసింది. 2019లో అంగళ్ళు సర్కారు చేతికి వచ్చాయి, 2024 అక్టోబరులో మళ్ళా ప్రైవేటువాళ్ళకు పోయాయి, 99 రూపాయల క్వార్టరు దిగింది. జెండాలు మారినా మన సందు చివర సీసా అట్లే ఉంది. సర్కారును అడగడం మానొద్దు. కానీ అంతదాకా పిల్లోళ్ళు ఆగరు.

చట్టం మన పక్కనే ఉంది. 21 ఏళ్ళు నిండనోళ్ళకు ఈ రాష్ట్రంలో మద్యం అమ్మకూడదు. 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్‌ ప్రకారం పిల్లలకు మద్యం గానీ మత్తుమందు గానీ ఇచ్చినోళ్ళకు ఏడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. వాళ్ళతో మోయించినా, అమ్మించినా 78వ సెక్షన్‌ కింద అంతే శిక్ష. ఈ రెండు సెక్షన్లూ పెద్ద అక్షరాలతో రాసి బెల్టుషాపు ఎదురుగా గోడకు అంటించండి.

గేరి గేరిలో కూర్చొని నాలుగు తీర్మానాలు చేసుకోవాలి.

ఒకటి: పద్దెనిమిది నిండని ఎవరినీ సీసాకు గానీ, బీడీకి గానీ, గుట్కాకు గానీ పంపకూడదు.

రెండు: తప్పెటకు ముందే రేటు మాట్లాడుకోవాలి, డబ్బే తీసుకోవాలి. సీసా ఇస్తే తిప్పి పంపాలి.

మూడు: బెల్టుషాపు మూయించాలి. అది నడిపేది చాలాచోట్ల మన గేరిలోని దిక్కులేని ఆడమనిషే. ఆమె నోటికాడ కూడు లాగి మనం గెలిచామనుకుంటే ఎట్లా? పొదుపు సంఘం అప్పుతో రెండు మేకలో, చిల్లర అంగడో పెట్టించి మూయించాలి.

నాలుగు: వలస పోయినోళ్ళ పిల్లలకు రాత్రిబడి పెట్టాలి. చదువుకున్నోళ్ళు వంతులవారీగా కూర్చోవాలి.

ఇప్పటికే మత్తుకు అలవాటుపడ్డ పిల్లోన్ని కట్టేసి కొట్టొద్దు, బడి మాన్పించొద్దు. అది రోగం. 14446 నంబరుకు ఫోన్‌ చేస్తే ఎక్కడికి పోవాలో చెప్తారు. గంజాయి మూటలు పంపే పెద్దోడు దొరకడు, పొట్లంతో మన పిల్లోడు దొరుకుతాడు. అమ్మేవాళ్ళ సంగతి ఈగల్‌ నంబరు 1972కు చెప్పండి.

ఏప్రిల్‌ 14న బాబాసాహెబ్‌ ఊరేగింపులో మన కుర్రోళ్ళు తాగి ఎగురుతుంటే పక్కకు తిరిగి నిలబడుతున్నాం. ఆయన పటం మోసేది ఆ చేతులే కదా! రేపు ఊరేగింపుకు చందా వసూలు చేసేటప్పుడే చెప్పండి, ఈ డబ్బులో ఒక్క రూపాయి కూడా సీసాకు పోదని. మొదటి తీర్మానం ఆరోజే చదవండి, పిల్లోళ్ళు వినేటట్టు చదవండి.