దారుచాపము: కోశపాఠము, వనపాఠము

అమరసింహుడు క్షత్రియవర్గమున ధనుస్సునకు ఏడు పేర్లు, వింటినారికి నాలుగు పేర్లు చెప్పి ఊరకుండలేదు. వింటి నడుమ పట్టుకొను చోటు లస్తకమనియు, కొన అటని యనియు, నారి దెబ్బ తగులకుండ చేతికి కట్టుకొను పట్టె గోధ యనియు విడివిడిగా పేర్కొన్నాడు. ప్రాచ్యకళాశాలలలో విద్యార్థులు ఏటేట ఈ పదములను వల్లించుచున్నారు. లస్తకమనగా నేమి అని అడిగిన వింటి నడిమిభాగమని తడుముకొనక చెప్పుదురు. ఆ భాగమునకు ప్రత్యేకముగా ఒక పేరు ఎందుకు కావలసివచ్చినది అని అడిగినచో తరగతి అంతయు మౌనము వహించును. ఒక్కొక్కచో అధ్యాపకుడును అంతే. శబ్దము కంఠమున నున్నది. వస్తువు కంటికి దూరమైనది. చేతితో విల్లు చేయువాని పని తెలియనిదే ఈ పదముల అర్థము పూర్తి కాదు. ఆ పని తెలిసినవారు నేడు అడవిని నమ్ముకొన్న జనులలోనే అక్కడక్కడ మిగిలియున్నారు.

విల్లు చేయుట కఱ్ఱను ఎన్నుకొనుటతో మొదలగును. కార్ముక శబ్దమును కర్మన్ శబ్దమునుండి పాణిని సాధించినాడు (5.1.103), పనికి సమర్థమైనది కార్ముకము. కృముకమను వృక్షపు కఱ్ఱతో చేసినది కార్ముకమని మరియొక వ్యుత్పత్తి కలదు. విల్లు చెక్కువానికి ఈ రెండును ఒకటే మాట. తగిన చెట్టు దొరకనిచో సామర్థ్యము లేదు. అగ్నిపురాణము వింటికి పనికివచ్చు చెట్లను పేర్కొని, శరత్తులో గ్రహించిన వెదురుతో చేసిన విల్లు అన్నిటికంటె శ్రేష్ఠమన్నది. వానలు వెనుకబడిన పిమ్మట కోసిన గడ చలికాలపు పొడిగాలికి నీడలో నెమ్మదిగా ఆరును. ఎండలో తొందరపడి ఆరబెట్టినది బీటలువారును. కాబట్టి శరత్తు అను మాట అక్కడ పాదపూరణము కాదు, పనివాని అనుభవము.

ఆరిన కఱ్ఱను చెక్కునపుడు మొదటి నియమము వీపును గాయపరచకుండుట. విల్లు వంగినపుడు లక్ష్యమువైపు నుండు వెలిభాగము సాగును. విలుకానివైపు నుండు లోభాగము నొక్కుకొనును. వెలిభాగమున నారపోగు ఒక్కటి తెగినను అక్కడనే చీలిక పుట్టి విల్లు విరుగును. అందువలన ఆ వైపున కఱ్ఱలోని ఒక్క వలయమునే కొననుండి కొనవరకు తెగకుండ నిలిపి, కన్నులున్నచోట వాటిని ఉబ్బుగానే వదలి, చెక్కుడంతయు లోభాగమున చేయుదురు. కర్ణుని విల్లు కాలపృష్ఠము. భారతమున వీరుల విండ్లు బంగరు వీపులు గలవి. పృష్ఠమనగా వెనుకవైపు అని టిప్పణి వ్రాసి విడిచిన చదువరి అది విలుకాని వైపు భాగమని భ్రమపడును. ఎదిరికి కనబడునది, అలంకారమునకు తగినది, ఉలి తాకరానిది వీపు. చెక్కువాని చేతిని చూచినవానికి ఈ భ్రమ కలుగదు.

రెండవది సమముగా వంచుట. పనివాడు కఱ్ఱను ఒక్కసారిగా పూర్తిగా వంచడు. వదులుగా నారి కట్టి కొంచెము లాగి, రెండు కొమ్మలలో ఏది బిగుసుకొనియున్నదో చూచి, దాని కడుపున కత్తి అంచుతో గీకును. మరల లాగును, మరల చూచును. రెండును ఒక్కతీరుగ వంగినవని తేలువరకు లాగు కొలతను పెంచడు. నడుమను మాత్రము మందముగా నిలుపును. పిడికిలి పట్టుచోట వంపు చేరిన బాణము నిలుకడగా పోదు, చేతికి అదురు తగులును. లస్తకమునకు వేరు పేరు వచ్చుటకు కారణమిది. అది కేవలము నడుమ కాదు, వంగరాని నడుమ.

దారుచాపమునకు నాలుగు హస్తములు ఉత్తమప్రమాణమని అగ్నిపురాణము. కౌటిల్యుడు 96 అంగుళముల కొలతను, అనగా నాలుగు హస్తములను, ధనుస్సు అనియే పిలిచినాడు. దీనిని వీరుల ఆజానుబాహుత్వమునకు గుర్తుగా వివరించుట కలదు. అసలు సంగతి కఱ్ఱ స్వభావము. పొట్టి కఱ్ఱను చెవివరకు లాగిన విరుగును; నిడుపైనది కొలదిగా వంగి నిలుచును. కొమ్ముతో చేసిన శార్ఙ్గము, తెలుగున సింగిణి, పొట్టిగానుండియు ఎక్కువ వంగగలదు. పొదలలో తిరుగు వేటగాడు పొట్టి కఱ్ఱవిల్లు పట్టినచో లాగు కొలతను తగ్గించుకొనును.

ఇక నారి. మూర్వతో చేయబడినది మౌర్వి. ఆ మూర్వ తెలుగువారి చాగ. దాని ఆకునుండి తీసిన చాగనార గట్టిది. క్షత్రియవటువు మేఖల మౌర్వియైన జ్యయే కావలెనని మనుస్మృతి విధించినది. జందెమునాటి బాలుడు నడుమున కట్టుకొన్నది వింటినారియే అని తెలియుటకు చాగనార పేనుట ఒకసారి చూడవలెను. అర్థశాస్త్రము ఆయుధాగారాధ్యాయమున నారికి మూర్వ, అర్క, శణ, గవేధు, వేణు, స్నాయువులను చెప్పినది. జిల్లేడు, జనుము, నరము నారియగుట సులభముగా తోచును. వెదురు నారి ఎట్లగును? గ్రంథము మాత్రమే చదివినవాడు పాఠము చెడినదని శంకించును. భిల్లుల విండ్లకు సన్నగా చీల్చిన వెదురుబద్దయే నారి. 1909లో శామశాస్త్రి అచ్చువేయించిన గ్రంథమునకు అడవిలో సాక్ష్యము దొరకినది.

తుదిమెఱుగు కూడ అలంకారము కాదు. కత్తివాదరతో గీకి, నునుపు చేసి, నూనెయో కొవ్వో పట్టించినచో తేమ లోనికి పోదు. తడిసిన కఱ్ఱ బలము తగ్గును. మితిమీరి ఎండినది పెళుసగును. వేట ముగిసిన వెంటనే ఎక్కుడించవలెను. ఎక్కుపెట్టి ఉంచిన విల్లు ఆ వంపునకే అలవాటుపడి జవము కోల్పోవును. అధిజ్యమన ఎక్కుపెట్టినది. రుద్రాధ్యాయమున రెండు ఆర్త్నులనుండి జ్యను విప్పుమని ప్రార్థన కలదు. నారి విప్పుట శాంతికి గుర్తు. విల్లు బ్రదుకుటకును అదియే మార్గము. పారాయణము చేయువాడు ఈ రెండర్థములను ఎఱుగుట మేలు కాదా?

వడ్రంగము పండితుని పని కాదు, శిష్టప్రయోగమే శబ్దార్థమునకు ప్రమాణము అని ఆక్షేపింపవచ్చును. ఈ ఆక్షేపమునకు మీమాంసాశాస్త్రమే సమాధానము చెప్పినది. పిక, నేమ, తామరస శబ్దములవంటివి ఆర్యులలో ప్రసిద్ధి తప్పి మ్లేచ్ఛులలో నిలిచియున్నపుడు, వారి వాడుకలోని అర్థమునే గ్రహింపవలెనని పికనేమాధికరణ సిద్ధాంతము. పక్షులను పెంచుటలోను పట్టుటలోను వారే మిక్కిలి నేర్పరులని శబరస్వామి ఒప్పుకొన్నాడు. పక్షుల విషయమున చెల్లిన న్యాయము వింటి విషయమున చెల్లకపోవుటకు హేతువు లేదు. నాటి పరిభాషయందలి మ్లేచ్ఛశబ్దమును నేడు ఎవరికిని అంటగట్టనక్కరలేదు. తెలిసినవాని మాట ప్రమాణమన్నదే సారము.

ఈ పని కాలహరణమునకు ఓర్వదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట నిషిద్ధమైనది. చెంచులు నివసించు నల్లమల 1983లో ప్రాజెక్టు టైగర్ పరిధిలోనికి వచ్చినది. మృగరక్షణ అవసరమే, దానిని తప్పుపట్టుట తగదు. అయితే వేట లేనిచోట వేటవిల్లు చెక్కువాడుండడు. చెక్కువాడు లేనిచోట చెక్కుడు మాటలుండవు. హైమెండార్ఫ్ చెంచులను గూర్చిన గ్రంథమును 1943లోనే వెలువరించినాడు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము తొలిసంపుటము 1962లో వ్యవసాయపదములతోను, రెండవది 1971లో చేనేతపదములతోను వచ్చినవి. దారి తెలియకపోలేదు, నడచువారే కావలెను.

ప్రాచ్యకళాశాలలు చేయదగినది పెద్దది కాదు. కోశపాఠము చెప్పు ప్రతి కళాశాలయు పనివానిచేత చెక్కించిన విల్లు నొకదానిని, నారి విప్పి, తరగతిలో నుంచవలెను. పరిశోధకవిద్యార్థులలో ఒకరైనను పనివాని యొద్ద కూర్చుండి, కఱ్ఱ కోయుట మొదలు నూనె పట్టించువరకు ప్రతి పనికి, ప్రతి భాగమునకు అతడు పలుకు మాటను అతని ఉచ్చారణలోనే వ్రాసికొనవలెను. అట్టివానిని కళాశాలకు పిలిచినపుడు వేడుక చూపువానిగ గాక, ఆచార్యునిగ ఆసనమిచ్చి, అతిథిపండితునకిచ్చు సంభావన నీయవలెను. అప్పుడు ధూర్జటి తిన్నని కథ చెప్పునపుడు, ప్రబంధములలోని మృగయావర్ణనలు వివరించునపుడు, అధ్యాపకుని మాటకు బరువు చేకూరును. లస్తకమన నేమి అని అడిగిన విద్యార్థి చేతికి విల్లే ఇచ్చి, పిడికిలి బిగించి చూడుమనవచ్చును.