సూక్ష్మదర్శిని చూసినా పాఠం మారదా?

అండం కదలకుండా ఎదురుచూస్తుంది. శుక్రకణాలు పోటీపడి ఈదుకొస్తాయి. బలమైనది గోడ ఛేదించి లోపలికి చొరబడుతుంది. బడిలో మనం చదువుకున్న ఈ పాఠంలో జీవశాస్త్రమెంత, స్వయంవరం కథ ఎంత?

1991లో మానవశాస్త్రవేత్త ఎమిలీ మార్టిన్ అమెరికా వైద్య పాఠ్యపుస్తకాలను ముందేసుకుని ఈ ప్రశ్నే లేవనెత్తింది. శుక్రకణం ముందుకు తోసే బలం కన్నా పక్కలకు ఊగే బలమే ఎక్కువనీ, అండం పైపొరే దాన్ని పట్టి నిలుపుతుందనీ కనిపెట్టిన పరిశోధకులు కూడా దండయాత్ర భాషను వదల్లేదని చూపించింది.

ఆ తర్వాత కూడా పరిశోధన ఆగలేదు. జెల్లీఫిష్‌లోని వెలిగే ప్రోటీన్‌ను మెడకా చేప అండంలోకి ఎక్కించి, ఫలదీకరణ వేళ కాల్షియం ఉప్పొంగడాన్ని 1977లోనే చూశారు. మరుసటి ఏడు అది అలలా అండమంతా సాగడాన్ని నమోదు చేశారు. క్షీరదాల్లో ఆ అలను రేపే ఎంజైమ్‌ను శుక్రకణం తెస్తుందని 2002లో తేలింది. కాల్షియం మాత్రం అండం తన లోపల దాచుకున్నదే. అండాన్ని చుట్టుకుని ఉన్న కణాలు విడుదల చేసే ప్రొజెస్టెరాన్ మనిషి శుక్రకణంలో కాల్షియం ద్వారాలను తెరుస్తుందని 2011లో, శుక్రకణాన్ని గుర్తుపట్టే జూనో అనే ప్రోటీన్ అండం పైన ఉందని 2014లో బయటపడింది. ఇది ఇరువైపులా సాగే సంభాషణ. మరి పాఠంలో ఒక్కరే ఎందుకు మాట్లాడుతున్నారు?

అది అలంకారమే కదా, దానికింత రాద్ధాంతమా అంటారు. స్త్రీ క్షేత్రం, పురుషుడు బీజం అని మనువు చెప్పిందీ అలంకారమే. పంట ఎవరిదో తేల్చింది ఆ అలంకారమే. విచిత్రమేమిటంటే, గర్భం వస్తే ఘనత బీజానిది, రాకపోతే నింద క్షేత్రానిది! గొడ్రాలు అన్న తిట్టు ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. దానికి సమానమైన మగ తిట్టు మన నోట ఎంత అరుదు? లోపం మగవాడిలోనూ ఉండొచ్చని వైద్యం ఏనాడో చెప్పినా, పరీక్షలకు మొదట నడిచేది ఆడదే.

అలాగని అండాన్ని వలపన్నే సాలీడుగా చిత్రించమనడం లేదు. ఆ ప్రమాదాన్నీ మార్టిన్ ఆనాడే హెచ్చరించింది. మాయలాడి బొమ్మ కూడా మగ ఊహే.

మనలో పాఠాలు చెప్పేవాళ్లున్నారు, పుస్తకాలు రాసేవాళ్లున్నారు, అనువదించేవాళ్లున్నారు. 'చొచ్చుకుపోయింది' అని రాయబోయే ముందు ఒక్కసారి ఆగుదాం. 'రెండు కణాలూ ఒకదాన్నొకటి గుర్తుపట్టి కలిశాయి' అని రాద్దాం. శాస్త్రం చెప్తున్నదీ అదే.