మత్తివ్వకుండా షాకు పెడితే నేరమే

చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి విశాఖ వాసులే కాదు, శ్రీకాకుళం, విజయనగరం, మన్యం పల్లెల నుంచీ జనం వస్తారు. మానసిక వైద్యుడి దగ్గర ‘కరెంటు పెట్టాలి’ అన్న మాట వినగానే ఏ కుటుంబానికైనా గుండె జారిపోతుంది. తిండీ నీళ్లూ మానేసి, ప్రాణం తీసుకోవాలని చూసే తీవ్ర కుంగుబాటులో ఈ చికిత్స ఎందరినో నిలబెట్టింది. 1938లో రోమ్‌లో మొదలైన పద్ధతి ఇవాళ్టికీ వైద్యంలో ఉన్నది అందుకే. మా ఆందోళనంతా దాన్ని అడ్డదారిలో చేసేవాళ్ల గురించే.

ఈ కరెంటు మెదడులో మూర్ఛ తెప్పిస్తుంది. ఆ మూర్ఛ వచ్చిన క్షణంలో నాడీకణాల్లోకి సోడియం చొరబడుతుంది. దాన్ని బయటికి తోడిపోసే ఎంజైమ్ సోడియం-పొటాషియం ఏటీపేజ్. అది పనిచేయాలంటే ఏటీపీ అనే ఇంధనం కావాలి. ఆ ఇంధనం కోసం గ్లూకోజు వేగంగా కరిగిపోతుంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఛాతీ కండరాలు బిగుసుకుని ఊపిరి ఆగితే మెదడుకు రెండు వైపులా దెబ్బే. జంతువులపై ప్రయోగాల్లో ఆక్సిజన్ అందని మెదడులో ఏటీపీ నిల్వలు పడిపోయాయి. కండరాలు సడలించి, కృత్రిమ శ్వాస ఇచ్చినప్పుడు ఆ నష్టం చాలావరకు తప్పింది.

అందుకే మత్తుమందు, కండరాల సడలింపు మందు, పళ్ల మధ్య రబ్బరు దిమ్మ, మొహానికి ఆక్సిజన్ మాస్కు తప్పనిసరి. ఇవి బిల్లు పెంచే హంగులు కావు. కండరాలు సడలించకపోతే వెన్నుపూసలు కూడా విరగవచ్చు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ మత్తు, సడలింపు మందు లేని షాకును నిషేధించింది. మైనర్లకైతే సంరక్షకుల సమ్మతితో పాటు మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతీ ఉండాలి. 94వ సెక్షన్ ప్రకారం అత్యవసరం పేరు చెప్పి కూడా షాకు పెట్టకూడదు. చట్టాన్ని తొలిసారి మీరితే ఆరు నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

పర్మిట్ లేనిదే ప్రమాదకరమైన పని ముట్టుకోకూడదన్న క్రమశిక్షణ విశాఖ ఉక్కు కార్మికుడికి తెలుసు. మనిషి మెదడుకు అంతకన్నా తక్కువ జాగ్రత్త చాలదు. గాజువాక నుంచి మధురవాడ దాకా షాకు చికిత్స చేసే ప్రతి చోటా మత్తు వైద్యుడు, ఆక్సిజన్, రికార్డులు ఉన్నాయో లేదో అధికారులు ముందే చెప్పకుండా వెళ్లి తనిఖీ చేయాలి. లోపం దొరికితే చికిత్స ఆపించి, కేసు పెట్టాలి.

కుటుంబాలకూ ఒక మాట. మత్తు డాక్టరు ఎవరు, ఆక్సిజన్ ఏదీ అని అడగండి. సరైన జవాబు రాకపోతే సంతకం పెట్టకండి.