మా వాడి పేరు ఏ వరుసలో వుంది?

యూరియా కొరత వచ్చిన యేడు మా వూళ్ళో రైతులు రాత్రిపూట కొట్టు ముందర చెప్పులు వరుసగా పెట్టి ఇంటికొచ్చి పడుకుంటారు. తెల్లారి పోయేసరికి ఎవరి వంతు వారికి వుంటుంది. ఆ చెప్పుల వరుస చూసి నవ్వుకునే పట్నంవాళ్ళు వుండొచ్చు. నాకు మాత్రం అందులో ఒక న్యాయం కనిపిస్తుంది. నా ముందు ఎంతమంది వున్నారో నాకు తెలుసు. నా తరువాత వచ్చినవాడు నన్ను దాటిపోలేడు. మా చిన్నాయన కొడుక్కి నడక నేర్పే మనిషి కోసం యే గడప ముందు చెప్పులు పెట్టాలో మాత్రం ఐదేళ్ళుగా మా యింట్లో ఎవరికీ తెలియలేదు.

వాడికిప్పుడు ఎనిమిదేళ్ళు. రెండేళ్ళొచ్చినా సరిగా కూర్చోలేదు. "మన వంశంలో మగపిల్లోళ్ళు ఆలిస్యంగానే నడుస్తార్లే" అంది మా జేజి. మూడో యేట ఒక డాక్టరు గారు ఆ జబ్బు పేరు చెప్పారు, సెరిబ్రల్ పాల్సీ అని. ఇది మందుతో పోయేది కాదు, రోజూ కాళ్ళూ చేతులూ సాగదీసి వ్యాయామం చేయించాలి, మాటలు నేర్పించాలి, వాటికి వేరే మనుషులుంటారు అన్నారు. ఆ వేరే మనుషుల కోసమే మా తిరుగుడంతా.

ముందు సర్టిఫికెట్ తెమ్మన్నారు. సర్టిఫికెట్ కావాలంటే సదరం క్యాంపుకు స్లాటు దొరకాలి. తెరిచిన పూటే స్లాట్లు అయిపోయాయన్నారు. మళ్ళీ ఎప్పుడండీ అంటే "చూస్తా వుండండి" అన్నారు. నెలల తరువాత దొరికింది. పిల్లవాణ్ణి ఎత్తుకుని మూడు గంటలు బస్సులో పోతే, పరీక్ష చేయవలసిన డాక్టరు గారు ఆ రోజు రాలేదు. సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి వాడికి ఐదో యేడు నడుస్తోంది. అప్పుడు, వారానికి రెండుసార్లు ఆ పెద్ద వూరికే తీసుకురమ్మన్నారు. మిరపకాయ కోతల కాలం. చిన్నాయన తొమ్మిది వారాలు తిప్పాడు, పదో వారం తిప్పలేకపోయాడు. తండ్రికి శ్రద్ధ లేదని అక్కడ ఒకాయన అన్నాడట. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నేను వృక్షశాస్త్రం చదివేదాన్ని, వైద్యం నాకు రాదు. కాని మిరపనారు సంగతి మా యింట్లో అందరికీ తెలుసు. ఆరేడు వారాల్లో నాటెయ్యాలి. వాన పడక, బోరు ఎత్తిపోయి, మడిలోనే నారు ముదిరిందంటే తరువాత ఎంత నీళ్ళు కట్టినా ఆ కాపు రాదు. యీ పిల్లల సంగతీ అటువంటిదే. మెదడుకు తగిలిన దెబ్బ తరువాత పెరగదు. అయితే ఎముక పెరిగేకొద్దీ బిగిసిన కండరం దానితో సమంగా సాగక, కీలు ముడుచుకుపోతుంది. మూడో యేట చేతుల వ్యాయామంతో అదుపులో వుండేది ఎనిమిదో యేట ఆపరేషన్ దాకా పోవచ్చు. "కొన్నాళ్ళు ఆగండి" అని చెప్పే గుమాస్తాకు అది క్యాలెండరులో రెండు కాగితాలు. వాడికి అవి మోకాళ్ళు.

అసలు యీ పిల్లల కోసం ఏమీ లేదా అంటే, కాగితం మీద చాలా వుంది. 1995 చట్టంలో వికలాంగత్వాలు ఏడే. 2016 చట్టం వాటిని ఇరవై ఒకటి చేసి ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటివాటిని పేరుపెట్టి చేర్చింది. ఆ చట్టం 25వ సెక్షన్‌లో, కుటుంబ ఆదాయాన్ని బట్టి, ముఖ్యంగా పల్లెల్లో, దగ్గరలోనే ఉచిత వైద్యం అందించాలని వుంది. "దగ్గరలోనే" అన్న మాట గమనించండి. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలయింది. బడి పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. సికిందరాబాదులో 1984లోనే బుద్ధిమాంద్యం గూర్చి జాతీయ సంస్థ వెలిసింది. వికలాంగుల పింఛను 2024లో మూడు వేల నుంచి ఆరు వేలయింది. అది నిజంగా మంచి పని, కాదనను. కాని పింఛను డబ్బు వచ్చి కాలు సాగదియ్యదు. ఫిజియోథెరపీ చేసే మనిషి మార్కాపురంలోనో గిద్దలూరులోనో దొరక్కపోతే ఆ డబ్బులో సగం బస్సు చార్జీలకే సరి.

అమెరికాలో యీ సేవల కోసం నిరీక్షణ జాబితాలున్నాయి. 2024 లెక్కల్లో ఏడు లక్షల మందికి పైగా పేర్లు వాటిలో వున్నాయి. టెక్సాస్ రాష్ట్రంలో పదేళ్ళు దాటి కాచుకున్నవాళ్ళున్నారు. ధనిక దేశానికి ఇది తలవంపే. అయినా ఆ సంఖ్య వాళ్ళ చేతిలో వుంది గనుక అక్కడి తల్లిదండ్రులు దాన్ని పట్టుకుని ప్రభుత్వాన్ని నిలదీయగలుగుతున్నారు. 1999లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఓమ్‌స్టెడ్ అనే కేసులో తీర్పిచ్చింది. జార్జియా రాష్ట్రంలో ఇద్దరు స్త్రీలను, బయట సమాజంలో బతకగలరని వైద్యులు చెప్పిన తరువాత కూడా ఆసుపత్రిలోనే వుంచేశారు. అది వివక్షేనన్నది కోర్టు. ప్రభుత్వం తన తరఫున చెప్పుకోవాలంటే, సరైన ప్రణాళికా, తగిన వేగంతో కదిలే జాబితా తన దగ్గర వుందని చూపించాలట. అంటే జాబితా వుండటంతో సరిపోదు, అది కదలాలి. మన దగ్గర కదలటానికి జాబితా ఏదీ? పేరు రాసుకోనప్పుడు ఎవరూ కాచుకున్నట్టే కాదు. సర్కారు దస్త్రాల ప్రకారం మా వాడు ఐదేళ్ళలో ఒక్క రోజు కూడా కాచుకోలేదు!

అందుకని నా మనవి ఇదీ. ప్రతి మండలంలో భవిత కేంద్రంలో ఒక రిజిస్టరు పెట్టాలి. ఏ బిడ్డ ఏ సేవ కోరి ఏ తేదీన వచ్చింది, అది ఏ తేదీన అందింది, అంతే. పేర్లు లోపలే వుండనీ. ఎందరు కాచుకున్నారు, ఎన్ని నెలలుగా అన్న రెండంకెలు మాత్రం గోడమీద బోర్డుపై రాయాలి. సర్టిఫికెట్ వచ్చేదాకా వైద్యం ఆపకూడదు. నలభై శాతం లెక్క పింఛనుకు కావాలిగాని కాలు సాగదియ్యటానికి శాతమెందుకు? ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ చేసేవారు మార్కాపురం, కంభం, గిద్దలూరు, యర్రగొండపాలెంలలో వారంలో ఫలానా రోజున తప్పక వుండేలా చూడాలి. సంతకు వారం వుంది, దీనికి వుండకూడదా?

రిజిస్టర్ల వల్ల ఏమవుతుంది, ఇంకో దస్త్రం పెరుగుతుంది అన్నారు మా హాస్టల్లో ఒక మిత్రురాలు. మనుషుల్ని వెయ్యకుండా పుస్తకం ఒకటి పెడితే అంతే అవుతుంది, నిజమే. వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేస్తే రెండో సొరంగం తవ్వకం ముగిసేసరికి 2024 వచ్చింది. ఎదురుచూడటం మా పడమటివాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అయినా సొరంగం ఎన్ని మీటర్లు తవ్వారో పేపర్లో వచ్చేది గనుకనే మా నాయన రచ్చబండ మీద దాన్ని గూర్చి పోట్లాడగలిగేవాడు. మా చిన్నాయన దేన్ని పట్టుకుని పోట్లాడాలి?

మన కళాశాలలో తర్లుపాడు, దోర్నాల, కొనకనమిట్ల, రాచర్ల మండలాల నుంచి వచ్చినవాళ్ళం వున్నాం. సెలవులకు ఇళ్ళకు పోయినప్పుడు ఎవరి వూళ్ళో వారు, తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే, ఇటువంటి బిడ్డల వివరాలు రాసుకుని వద్దాం. వాటిని భవిత కేంద్రం ఉపాధ్యాయులకు, మండలాధికారులకు విద్యార్థి సంఘం తరఫున ఇద్దాం. సంక్రాంతికి పోయినప్పుడు నేను మా వూళ్ళో అడిగి చూశాను. మా వాడు కాక ఒక్క పూటలో ముగ్గురు తేలారు. ఒకతనికి పంతొమ్మిదేళ్ళు. బడి వయసు దాటింది, పిల్లల పరీక్షల వయసూ దాటింది. పగలంతా అరుగు మీదే. వాళ్ళమ్మ చేటలో కందులు చెరుగుతూ, "ఇప్పుడు రాసుకోని ఏంజేస్తావమ్మా?" అంది.

పేరు, వయసు, తేదీ రాసుకున్నాను.