దారం కనిపించిందట!

మా చెల్లెలు డల్లాస్ నుంచి వస్తోంది. విమానం రెండు గంటలు లేటు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో, అరైవల్స్ బయట రెయిలింగుకు ఆనుకుని నేనూ, మా మేనల్లుడూ, వాడి ఆరేళ్ళ కూతురూ నిలబడ్డాం. మేనల్లుడు గచ్చిబౌలిలో గ్రాఫిక్స్ పని చేస్తాడు. హీరో వెనక ఉన్న ఆకుపచ్చ గుడ్డని చెరిపేసి అక్కడ కొండో కోటో అతికించటం వాడి ఉద్యోగం. ఊసుపోక ఫోను తీసి ఒక రీలు చూపించాడు. పొయ్యిలో కట్టెలకు బదులు దెయ్యం తన కాలు పెట్టుకుని వంట చేస్తున్న సీను. దాని మీద ఎవడో పడీ పడీ నవ్వే ఎమోజీలు డజను అతికించి, వెనక గాడిద ఓండ్ర కూడా పెట్టాడు.

"చూడు మామయ్యా, ఏం తీశారో! అచ్చం విఠలాచార్య సినిమాలా ఉంది."

"అది విఠలాచార్య సినిమానేరా. జగన్మోహిని. 1978."

వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. వాడి లెక్కలో విఠలాచార్య మనిషి కాడు. తిట్టు.

ఇది మా వాడి ఒక్కడి జబ్బయితే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. అవతలి పార్టీ హామీలను వెక్కిరించాలంటే విఠలాచార్య సినిమా. ఓడిపోయే మ్యాచ్ ఆఖరి ఓవర్లో తిరగబడితే విఠలాచార్య సినిమా. కొత్త సినిమాలో గ్రాఫిక్స్ తేలిపోతే, కోట్లు తగలేసినవాణ్ణి వదిలేసి, 1999లో పోయిన పెద్దాయన్ని పట్టుకుని తిడతారు. కొత్తవాడి చేతకానితనానికి పాతవాడి పేరు పెట్టటం ఎక్కడి న్యాయం?

ఆయనది ఉడిపి దగ్గర ఉద్యావర. చిన్నతనంలోనే ఇల్లు వదిలి, అరసికెరెలో హోటల్ నడిపి, ఆ తర్వాత టూరింగ్ టాకీసులోకి దిగాడు. ఈ వరస గుర్తుపెట్టుకోండి. ముందు ఆకలిగా వచ్చినవాడికి ఇడ్లీ పెట్టాడు, తర్వాత డేరాలో కూర్చున్నవాడికి బొమ్మ వేశాడు, ఆ తర్వాతే బొమ్మ తీశాడు. నేల టిక్కెట్టువాడు ఎక్కడ నోరు తెరుస్తాడో, ఎక్కడ బీడీ కోసం లేచిపోతాడో డేరా వెనక నిలబడి చూసిన మనిషి. ఫిల్మ్ స్కూళ్ళలో ఈ పాఠం చెప్తారేమో నాకు తెలీదు, చెప్పే లక్షణాలైతే కనిపించటం లేదు.

షాద్‌నగర్ అవతల మా ఊళ్ళో టూరింగ్ టాకీసు ఉండేది. పిల్లలం ముందుగా వెళ్ళి ఇసకని గుట్టలా పోగుచేసి, దాని మీద ఎక్కి కూర్చునేవాళ్ళం. వెనకవాడు కాలితో ఆ గుట్టని తన్నేవాడు. మధ్యలో వెలుగు ఎర్రబడితే "కార్బన్, కార్బన్!" అని డేరా అంతా అరిచేది. జగన్మోహిని చూసినప్పుడు నాకు పదేళ్ళు. ఆ పొయ్యి సీనుకు మేం నవ్వలేదని అబద్ధం చెప్పను. నవ్వాం. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. కానీ మర్నాడు పొద్దున మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదుతుంటే నేను మాత్రం చడీచప్పుడు లేకుండా పక్కకు వెళ్ళి, చీర కుచ్చిళ్ళ కింద ఆమె కాళ్ళు రెండూ ఉన్నాయో లేవో చూసుకున్నాను. వందల కోట్లు పెట్టి తీసిన ఏ సినిమా చూశాకైనా మీరు ఇంట్లో ఎవరి కాళ్ళయినా చూసుకున్నారా?

మా వాడు చెప్పేది ఒకటే. "దారం కనిపిస్తోంది మామయ్యా." కనిపిస్తే? తోలుబొమ్మలాటలో దబ్బలు కనిపించవా? చిందు భాగోతంలో రాక్షసుడు మన ఎదురుగానే ముఖానికి రంగు పూసుకుని, బీడీ తాగి, ఆ తర్వాతే కదా రంకె వేసేది. చూసేవాడు వెర్రివాడు కాబట్టి నమ్మాడని వీళ్ళ అభిప్రాయం. వాడు వెర్రివాడు కాదు. వాడికి దారమూ తెలుసు, దెయ్యమూ తెలుసు, రెంటినీ ఒకేసారి చూడగలిగిన కళ్ళు వాడివి. చవక అని వీళ్ళు తిడుతున్నది బొమ్మను కాదు, ఆ బొమ్మ ముందు ఇసకలో కూర్చున్నవాణ్ణి. 1957లో మాయాబజార్‌లో లడ్లు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడితే అది కళాఖండం. నాకూ అది కళాఖండమే, మార్కస్ బార్ట్లే కెమెరాకు దండం పెట్టనివాడు ఎవడు? కానీ అదే జాతి మాయ విఠలాచార్య తీసిన కాంతారావు సినిమాలో జరిగితే జోకట. తేడా మాయలో ఉందా, పెట్టిన డబ్బులో ఉందా, కూర్చున్న క్లాసులో ఉందా? కోదాడ దగ్గర గుడిబండ నుంచి వచ్చిన ఆ కత్తి కాంతారావు ఎన్ని ఊళ్ళ పిల్లల చేత కర్ర కత్తులు పట్టించాడో లెక్కుందా?

పని సంగతికి వస్తాను. 1964లో విఠలాచార్య తీసిన అగ్గిపిడుగు. ఎన్టీఆర్ ద్విపాత్రాభినయం. కంప్యూటరు లేదు. లెన్సు ముందు సగానికి నల్ల అట్ట అడ్డం పెట్టి ఒక ఎన్టీఆర్‌ని తీయాలి. ఫిలిం వెనక్కి తిప్పాలి. అట్ట రెండో వైపుకు మార్చి రెండో ఎన్టీఆర్‌ని తీయాలి. మాస్క్ షాట్ అంటే ఇది. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా తెర మధ్యన గీత పడుతుంది. హీరో తాను లేని చోటికి చూస్తూ, తాను పలకని మాటకు తల ఊపాలి. తప్పు వస్తే కంట్రోల్ జెడ్ లేదు. మా వాడు వారంలో చేసేది ఈ పనే, కాకపోతే వాడికి నలభైసార్లు చెరుపుకునే వీలుంది. వాడి తాతల కాలం పనివాళ్ళకు ఒక్క ముక్క ఫిలిమే ఉండేది.

విఠలాచార్య పొదుపు మీద కథలు బోలెడు. డేట్లు ఇవ్వనన్న నటుణ్ణి సినిమాలో ముని శాపంతో చిలకనో మేకనో చేసి, ఆ చిలకతోనే మిగతా కథ లాగించేవాడని చెప్పుకుంటారు. నిజమో అబద్ధమో గానీ, నిజమైతే అంతకంటే గొప్ప నిర్మాత నాకు కనిపించడు. ఈ రోజుల్లో అలిగిన హీరోలను చిలకలను చేసే మంత్రం ఎవరికైనా తెలిస్తే పరిశ్రమ సగం అప్పుల్లోంచి బయటపడుతుంది.

అసలు ఈ వెక్కిరింపు మనది కూడా కాదు, అరువు సరుకు. అమెరికాలో ఎడ్ వుడ్ అనే నిరుపేద దర్శకుడు ప్లాన్ నైన్ ఫ్రమ్ ఔటర్ స్పేస్ అని ఒక సినిమా తీశాడు. పళ్ళేలు ఎగురుతాయి, శవాలు లేస్తాయి, సెట్లు ఊగుతాయి. 1978లో చచ్చిపోయాడు. 1980లో మెద్వెద్ సోదరులు ఒక పుస్తకం వేసి, ప్రపంచంలోకెల్లా చెత్త దర్శకుడు ఇతగాడే, చెత్త సినిమా ఇదే అని తీర్పిచ్చి అవార్డులు పంచారు. బతికుండగా అప్పిచ్చినవాడు లేడు, చచ్చాక అవార్డు! అప్పట్నించీ పాత సినిమాని చూసి నవ్వటం ఒక వ్యాపారం. 1953లో రోబోట్ మాన్స్టర్ అని ఒకటి నాలుగు రోజుల్లో చుట్టేశారు. రాక్షసుడికి డబ్బుల్లేక గొరిల్లా తొడుగు మీద నీళ్ళలో దూకేవాళ్ళ టోపీ పెట్టారు. నవ్వొస్తుంది, ఒప్పుకుంటాను. 1955లో రే హారీహాసెన్ సముద్రంలోంచి ఒక మహా ఆక్టోపస్‌ను లేపి శాన్‌ఫ్రాన్సిస్కో వంతెన మీదకు ఎక్కించాడు. ఒక్కో చేతిని ఫ్రేము ఫ్రేముకూ కదపటానికి ఖర్చూ కాలమూ తడిసి మోపెడవుతున్నాయని ఎనిమిది చేతుల్లో రెండు తీసేశాడు. ఆరు చేతులతోనే కొట్టాడు వంతెనని. హాల్లో కూర్చుని చేతులు లెక్కపెట్టినవాడు ఎవడు? తర్వాత చెప్తే తెలిసింది జనానికి.

జపాన్‌లో 1954లో గోజిల్లా. అది మరీ చవక సినిమా కాదు గానీ, దాని ట్రిక్ షాట్లు తీసిన సుబురాయా కోరుకున్నట్టు కింగ్ కాంగ్ పద్ధతిలో బొమ్మని కొంచెం కొంచెం కదుపుతూ తీయటానికి కాలమూ డబ్బూ లేక, నకజిమా అనే మనిషిని బరువైన రబ్బరు తొడుగులోకి దించారు. లైట్ల వేడికి లోపల మనిషి సొమ్మసిల్లేవాడు. దాని గర్జన ఏమిటనుకున్నారు? పెద్ద వయొలిన్ లాంటి కాంట్రాబాస్ తీగ మీద తోలు తొడుగుతో రాసిన చప్పుడు. ఆ ఏడాది మార్చి 1న అమెరికా హైడ్రోజన్ బాంబు బూడిద జపాన్ చేపల పడవ మీద పడింది. నవంబరులో బొమ్మ వచ్చింది. ఇందులో నవ్వేందుకు ఏముంది?

ఇంకొక మాట కూడా వింటుంటాను. మనకు సైన్స్ ఫిక్షన్ చేతకాదు, అందుకే మంత్రగాళ్ళని పెట్టుకున్నామట. 1954లో దెమ్ అనే సినిమాలో అణుపరీక్ష జరిగిన చోట చీమలు ఏనుగులంత పెరిగాయి. ఎలా పెరిగాయయ్యా అంటే రేడియేషన్. అంతే, ఇంకో ప్రశ్న లేదు. మన సినిమాల్లో నేపాళ మాంత్రికుడు మంత్రం చదివేటప్పుడు కనీసం కళ్ళయినా ఉరిమేవాడు. ఇక 1952లో సేలం మోడరన్ థియేటర్స్‌వాళ్ళు అమెరికన్లతో కలిసి ది జంగిల్ అని తీసి, మన ఏనుగులకే బొచ్చు తగిలించి మంచుయుగపు మామత్‌లుగా పరిగెత్తించారు. 1963లో తమిళంలో కలై అరసి వచ్చింది. వేరే గ్రహంవాళ్ళు తమకు సంగీతం నేర్పటానికి భూమ్మీద నుంచి ఒక గాయనిని ఎత్తుకుపోతారు. ఎవరనుకున్నారు? మన భానుమతి! ఆమె గొంతు వినటానికి గ్రహాంతరవాసులు రావటంలో నాకైతే అశాస్త్రీయం ఏమీ కనిపించలేదు.

ఈ మంత్రాల సినిమాలు మూఢనమ్మకాలు పెంచాయి అనేవాళ్ళకు ఒకటే జవాబు. ఈ శంషాబాద్ పక్కనే అమ్మపల్లి సీతారాముల గుడి ఉంది. పెద్ద గోపురం, కోనేరు. అక్కడ ఒక్క షాటైనా తీస్తే సినిమా హిట్టని నమ్మి, సూపర్ కంప్యూటర్ల సినిమావాళ్ళు కూడా కొబ్బరికాయ పట్టుకుని క్యూ కడతారు. వాళ్ళు సైంటిస్టులు, విఠలాచార్య మూఢుడు. సరే.

విమానం ఎలాగూ రాదని పిల్లను తీసుకుని శంషాబాద్ ఊళ్ళోకి చాయ్ తాగటానికి వెళ్ళాం. పక్క బల్ల మీద, ఎయిర్‌పోర్టు దగ్గరి గొల్లపల్లి మనిషొకాయన మాట కలిపి చిరుత సంగతి ఎత్తాడు. 2024 ఏప్రిల్ ఆఖరున ఎయిర్‌పోర్టు ప్రహరీ దగ్గర చిరుత కనబడి అలారం మోగిన సంగతి పేపర్లో చదివే ఉంటారు. అడవి శాఖవాళ్ళు కెమెరాలు కట్టారు, బోనులు పెట్టి మేకలను కట్టేశారు. అయిదో రోజుకో ఆరో రోజుకో బోనులో పడింది, అమ్రాబాద్ అడవికి తీసుకెళ్ళి వదిలారు.

"ఎట్లుండె ఆ దినాలు?" అన్నాను.

"ఏం జెప్పాలె సార్. ఎవ్వరికీ కనవడలే, కానీ అందరం జూసినం. మా అన్న బాయికాడ జూసిండు. మా అత్త పెంటకుప్ప ఎనక జూసింది. నేనైతే మా ఇంటి గల్మల జూసిన, కుక్క అది."

నేను మేనల్లుడి వంక చూశాను. 1942లో క్యాట్ పీపుల్ అనే సినిమాని వాల్ లూటన్ కొద్ది డబ్బుతో తీయించాడు. ఈత కొలనులో ఒక అమ్మాయి, గోడ మీద కదిలే నీడ, ఒక గుర్రు. చిరుతని సరిగ్గా చూపించకుండానే హాలంతా వణికించారు. గొల్లపల్లిలో అయిదు రోజులు ఆడింది ఆ సినిమానే, టిక్కెట్టు లేకుండా. మా వాడి సినిమాల్లోనైతే చిరుత వెంట్రుక వెంట్రుకా కనిపిస్తుంది. ఒక్కో వెంట్రుకకు గాలి, వెలుగు, నీడ. మొన్న అలాంటిదొకటి చూసి వచ్చాక నాకు గుర్తున్నదల్లా కళ్ళ మంట. భయపడాలో, మెచ్చుకోవాలో, బిల్లు ఎంతయిందో అడగాలో తేల్చుకోలేకపోయాను. అన్నీ అలాంటివే అనను. చాలావరకు అలాంటివే.

"మరి ఏం చెయ్యమంటావు మామయ్యా?" అన్నాడు వాడు. న్యాయమైన ప్రశ్నే. ఏం చెయ్యాలో నాకు పూర్తిగా తెలుసని కాదు. ఆ పాత బొమ్మలను గాడిద ఓండ్ర లేకుండా ఎక్కడైనా పెద్ద తెర మీద, ఇసక పోసి, పిల్లలను కూర్చోబెట్టి వెయ్యాలి. మీ స్టూడియోలో కుర్రాళ్ళకు నెలకొకసారి కంప్యూటర్లు ఆపేసి, ఒక నల్ల అట్ట, ఒక దారం, ఒక పొయ్యి ఇచ్చి దెయ్యాన్ని తీసుకురమ్మనాలి. ఎవరు డబ్బు పెడతారో నాకు తెలీదు. మొదలైతే పెట్టండి ముందు, అన్నాను కొంచెం గట్టిగానే. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు.

అప్పటిదాకా ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంటున్న పిల్ల తలెత్తింది. రీలు తనూ చూసింది కదా, నవ్వలేదు.

"తాతయ్యా, ఆ ఆంటీకి కాలు కాలదా?"

"దెయ్యం కదమ్మా, కాలదు."

"కాలకపోతే మరి అన్నం ఎలా ఉడుకుతుంది?"

గొల్లపల్లి ఆయన, "గదీ ముచ్చట" అని తొడ కొట్టుకుని నవ్వాడు. నా దగ్గర జవాబు లేదు. మేనల్లుడు మళ్ళీ ఫోను తీశాడు. ఈసారి మోత ఆపేసి, రెండు వేళ్ళతో పొయ్యిని పెద్దది చేసి, ముక్కుకు దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు. వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. ఇంకోసారి.

"మామయ్యా, మంట కాలికి ముందు పెట్టారంటావా, వెనక పెట్టారంటావా?"

చాయ్ డబ్బులు నన్నే ఇవ్వనిచ్చాడు.