బీఈడీ సీటు తీసుకునే ముందు మన లెక్క మనం వేసుకుందాం

డిగ్రీ పాసై ఇంట్లో ఉన్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఎడ్‌సెట్ రాయాలా వద్దా అని మీలో చాలామంది అడుగుతున్నారు. "టీచర్ ట్రైనింగ్ చేస్తే ఏజెన్సీలో పోస్టు ఎక్కడికీ పోదు" అని పెద్దోళ్ళు ఇంకా అంటూనే ఉన్నారు. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. కాకపోతే అది 2020 ఏప్రిల్ 22కు ముందు మాట.

2000 జనవరి 10న ఇచ్చిన జీవో నెం.3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే. సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నోళ్ళను కదిలించలేదు. దెబ్బ మన తరానికి తగిలింది. ఇప్పుడు మామూలు రిజర్వేషనే: తెలంగాణలో 10 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 6 శాతం, అదీ ఎస్టీలందరికీ కలిపి.

రెండో దెబ్బ గురించి మన గూడేల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. బీఈడీ చేసినవాళ్ళు ప్రాథమిక పాఠశాల టీచర్ పోస్టుకు అర్హులు కారు, దానికి డీఈడీ ఉండాలి. మన గూడెంలో ఉండే బడి ఏది? ఒకటి నుంచి ఐదు దాకా ఉండే ప్రాథమిక పాఠశాలే కదా! అంటే రెండేళ్ళు బీఈడీ చదివినా మన ఊరి బడిలో ఎస్‌జీటీగా చేరలేం. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకే పోటీ పడాలి. ఆ పోస్టుల్లో 70 శాతం ప్రమోషన్లతో నింపుతారు, నేరుగా తీసుకునేది 30 శాతమే. 2024 తెలంగాణ డీఎస్సీలో 11,062 పోస్టులుంటే ఎస్‌జీటీలు 6,508, స్కూల్ అసిస్టెంట్లు 2,629. ఆంధ్రలో 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టుల్లో స్కూల్ అసిస్టెంట్లే ఎక్కువ, 7,725. కానీ వాటిని జిల్లాల వారీగా, సబ్జెక్టుల వారీగా పంచాక మీ సబ్జెక్టుకు, మీ రోస్టర్‌కు ఎన్ని మిగులుతాయో పాత నోటిఫికేషన్ తీసి చూడండి. కొన్నిచోట్ల సున్నా కనిపిస్తుంది.

ఇక ఖర్చు. ఎస్టీలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి చదువు ఫ్రీ అంటారు. ఆ డబ్బులు సర్కారు నుంచి రాకపోతే మీ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉంటాయి, అది వేరే కథ. అసలు ఖర్చు రోజులది. 2025-26లో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. ఏడాదికి వంద రోజుల చొప్పున రెండేళ్ళకు 61,400. రూము, బస్సు, మెస్సు దీని మీద. 2024లో తెలంగాణలో టెట్ ఒక్క పేపర్‌కే వెయ్యి కట్టించుకున్నారు. ఆ తర్వాత అవనిగడ్డలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో నెలల తరబడి కోచింగ్. ఇంట్లో ఒక మేకో, ఒక పుస్తో పోకుండా ఇది అయ్యే పని కాదు.

రాబడి చూస్తే ఆశగానే ఉంటుంది. స్కూల్ అసిస్టెంట్ మూల వేతనం తెలంగాణలో 42,300 నుంచి, ఆంధ్రలో 44,570 నుంచి మొదలు. రెండేళ్ళ కూలి నెలన్నర జీతంలో తిరిగి వచ్చేస్తుంది! సీట్లు నింపుకునే ఏజెంటు కూడా ఇదే లెక్క చెప్తాడు. అతను చెప్పనిది ఎదురుచూపు. తెలంగాణలో 2017 తర్వాత నియామకాలు జరిగింది 2024లో. ఆంధ్రలో 2018 తర్వాత 2025లో. మధ్యలో ఇచ్చిన నోటిఫికేషన్లు రద్దయ్యాయి. ఇరవై మూడేళ్ళకు బీఈడీ అయినోళ్ళు ఒక్క నోటిఫికేషన్‌లో తప్పితే ముప్పై వస్తుంది. ఆ ఏడేళ్ళు ప్రైవేటు స్కూలు, లేకపోతే ఆశ్రమ పాఠశాలలో ఏటా రెన్యువల్ కోసం చేతులు కట్టుకుని నిలబడే కాంట్రాక్టు.

అయితే చదవొద్దా? చదవాలి. ఏది ముందు చదవాలన్నదే నా మాట. ఇంటర్, డిగ్రీ అయినోళ్ళు డైట్ కాలేజీలో డీఈడీ సీటు వస్తే ముందు అది తీసుకోండి. ఇదీ రెండేళ్ళే. ఎస్‌జీటీ మూల వేతనం తక్కువే (తెలంగాణలో 31,040, ఆంధ్రలో 32,670), కానీ ప్రాథమిక బడి పోస్టులకు ఇప్పుడు బీఈడీ వాళ్ళ పోటీ లేదు. డీఈడీ ఉన్నవాళ్ళకు తర్వాత దూరవిద్యలో బీఈడీ చేసే దారి ఉంది, అది ప్రమోషన్‌కు పనికొస్తుంది. గురుకులాల్లో టీజీటీ కావాలనుకునేవాళ్ళకు మాత్రం బీఈడీ తప్పదు. ఏకలవ్య స్కూళ్ళదీ అదే అర్హత. కానీ వాటి నియామకం దేశం మొత్తానికి ఢిల్లీ నుంచి జరుగుతోంది. తెలుగు రాని ఉత్తరాది టీచర్లు మన పిల్లల ముందు నిలబడుతున్నారు. టీచరు మాట పిల్లలకు అర్థం కాదు, పిల్లల మాట టీచరుకు అర్థం కాదు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. కోయ, గోండి, కువి మాట్లాడే పిల్లలు ఒకటో తరగతిలో తమ భాషలో ఒక్క ముక్క వినకుండా బడి మానేస్తుంటే, ఆ భాష వచ్చిన ట్రైనింగ్ అయిన యువత అదే ఊళ్ళో ఉపాధి పనికి పోతోంది. వంద శాతం కుదరదని కోర్టు అన్నది. ఏదీ కుదరదని అనలేదు. ఒకటి, రెండు తరగతులు చెప్పే పోస్టుకు ఆ ఊరి పిల్లల భాష రావడం అర్హతగా పెట్టమనండి. కోర్టు గీసిన హద్దులోపలే స్థానిక ఆదివాసీలకు ఎంత వాటా ఇవ్వొచ్చో గిరిజన సలహా మండలిలో చర్చించి చెప్పమనండి. ఈ రెండూ రాసి మీ గ్రామసభలో తీర్మానం చేయించండి, ఒక కాపీ ఐటీడీఏ పీవోకు ఇచ్చి రసీదు తీసుకోండి.

ఈ ఏడాదే బీఈడీ సీటు తీసుకుంటామనేవాళ్ళు చేరే రోజునే కాలేజీని రెండు ప్రశ్నలు అడగండి: స్కాలర్‌షిప్ ఆలస్యమైతే టీసీ, మెమోలు ఇస్తారా? రికార్డులకు, ప్రాక్టికల్స్‌కు విడిగా ఎంత వసూలు చేస్తారు? నోటిమాట వద్దు, కాగితం మీద రాయించుకోండి. "రాకపోయినా ఫర్వాలేదు, అటెండెన్స్ మేం చూసుకుంటాం" అనే కాలేజీ అయితే వెనక్కి తిరిగి వచ్చేయండి.